కొత్తగా విత్తిన బటానీ చేలో ఉడ్‌పిజియన్లు: తూర్పు ఇంగ్లండ్ నుంచి ఒక కేస్ స్టడీ

నేపథ్యం

చేను తూర్పు ఇంగ్లండ్‌లో ఉంది. ఊరి పేరు, రైతు వివరాలు, సంవత్సరం ఇక్కడ ఇవ్వడం లేదు. విస్తీర్ణాలు, దూరాలు, లెక్కలు గుండ్రం చేసి రాశాం. 22 హెక్టార్లు, అంటే సుమారు 54 ఎకరాల్లో మార్చి మూడో వారంలో సీడ్ డ్రిల్‌తో ఎండు బటానీ విత్తి రోలర్ తిప్పారు. ఆ దేశంలో బటానీ, చిక్కుడు పంటలపై పరిశోధన చేసే పీజీఆర్‌ఓ సంస్థ ఈ తరహా బటానీకి చదరపు మీటరుకు 70 మొక్కలు ఉండాలంటుంది. విత్తన మోతాదు కూడా ఆ లెక్కకే సరిపెట్టారు.

ఉత్తరాన చిన్న అడవి తోపు. తూర్పున పొడవాటి చెట్ల కంచె. దక్షిణపు గట్టు వెంట జనం నడిచే కాలిబాట, దాని అవతల ఇళ్లు. పడమట మురుగు కాలువ, కాలువ వెంట పాప్లర్ చెట్ల వరుస. అదే రైతుకు కిలోమీటరు దూరంలో క్లోవర్ అనే మేత మొక్క కలిసిన పచ్చిక బీడు ఒకటి ఉంది. కథలో దాని పాత్ర తర్వాత వస్తుంది.

ఉడ్‌పిజియన్ మన ఇళ్ల చూరుల్లో ఉండే పావురం కంటే పెద్దది. బరువు అర కిలో దాకా ఉంటుంది. మెడ పక్కన తెల్ల మచ్చ, ఎగిరేటప్పుడు రెక్క మీద తెల్ల పట్టీ దాని గుర్తులు. బ్రిటన్‌లో ఇవి సుమారు 50 లక్షల జంటలు గూళ్లు పెడతాయని అంచనా. చలికాలమంతా ఆవజాతి నూనెపంట అయిన ఆయిల్‌సీడ్ రేప్ ఆకు మీద బతుకుతాయి. మార్చి చివరికి రేప్ మొక్క నిలువుగా పెరిగిపోతుంది, పిట్ట దిగి నడవడానికి చోటుండదు. సరిగ్గా అదే సమయానికి పక్క చేలల్లో వసంతకాలపు విత్తనాలు పడతాయి. ఏప్రిల్‌లో బటానీ మీదికి పావురాలు ఒక్కసారిగా వచ్చి పడడానికి కారణం ఇదే.

వచ్చిన సమస్య

ఏప్రిల్ రెండో వారంలో మొలక నేల చీల్చుకుని పైకి వస్తుండగా, పంటల మీద వాలే పావురాలను అదుపు చేసే పనిలో ఉన్న మాకు రైతు కబురు చేశాడు. రోజూ మూడు నాలుగు వందల పిట్టలు వాలుతున్నాయనీ, పిట్టలను బెదరగొట్టడానికి గ్యాస్‌తో పెద్ద మోత చేసే గ్యాస్ గన్ విత్తిన రోజు నుంచే మోగుతున్నా లాభం లేదనీ ఆయన ఫిర్యాదు. ఆయన కోరిందొక్కటే: వచ్చి పిట్టల సంఖ్య తగ్గించండి.

ఆ కోరికను అలాగే ఒప్పుకోలేదు. 1950లు, 60లలో ఆర్.కె. మర్టన్ అనే పక్షి పరిశోధకుడు కేంబ్రిడ్జ్‌షైర్‌లోని కార్ల్‌టన్ దగ్గర చేసిన అధ్యయనం ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. చలికాలంలో ఎన్ని పావురాలను కాల్చినా గూడు పెట్టే పిట్టల సంఖ్య తగ్గలేదు. ఎన్ని బతకాలన్నది చలికాలపు మేత నిర్ణయిస్తోంది, కాల్చినవాటిలో చాలావరకు ఎలాగూ ఆకలికి పోయేవే. ఒక చేలో రెండు వందల పిట్టలను కాలిస్తే జిల్లాలో పావురాలు తగ్గవు. కానీ ఆ చేను దెబ్బతినే రెండు మూడు వారాల్లో వాటిని అక్కడ వాలనీయకుండా ఆపడం మాత్రం కుదిరే పని. అందుకే ఎన్ని పిట్టలు పడ్డాయన్నది కొలత కాదనీ, చదరపు మీటరుకు ఎన్ని మొక్కలు నిలిచాయన్నదే చూద్దామనీ రైతుతో ముందే మాట్లాడుకున్నాం.

తర్వాత దెబ్బ ఎవరిదో తేల్చాలి. దొంగ ఒకడైతే శిక్ష మరొకరికి పడకూడదు. సాలు వెంట గరాటులా ముక్కుతో తవ్విన గుంటలుంటే అది రూక్ కాకి పని. ఉడ్‌పిజియన్ తవ్వదు. నేల మీద మిగిలిన గింజ ఏరుకుంటుంది, మొలక పైకొచ్చాక లేత కొసను, ఆకును గిల్లి చింపుతుంది. కాడను కత్తితో వాలుగా కోసినట్టుంటే కుందేలు. ఆకు అంచున అర్ధచంద్రాకారంలో చిన్న చిన్న గంట్లుంటే బటానీ ముక్కుపురుగు. ఈ చేలో నాలుగూ కొద్దికొద్దిగా ఉన్నాయి, కానీ చినిగిన కొసలే నూటికి తొంభై. ట్రాక్టర్ మలుపు తిరిగే అంచుల్లో డ్రిల్ ఎత్తి దించే చోట గింజ పైనే ఉండిపోయింది. పిట్టలకు ఈ చేను మొదట రుచి చూపించింది అదే.

బటానీ విషయంలో ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. దాని బీజదళాలు నేల లోపలే ఉండిపోతాయి, కాబట్టి కొసను ఒకసారి గిల్లేసినా కింది కణుపు నుంచి మళ్లీ చిగురేస్తుంది. రెండోసారి, మూడోసారి గిల్లితే మొక్క చస్తుంది, లేదా చేనంతా ఒకేసారి పక్వానికి రాదు. ఎండు బటానీకి కోతప్పుడు ఆ హెచ్చుతగ్గు పెద్ద నష్టం. అంటే రెండో గిల్లుడును ఆపగలిగితే పంట దక్కుతుంది. మా చేతిలో ఉన్న గడువు అంతే.

కొలవడానికి కోళ్ల వలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తున్న బోనులు ఆరు చేసి చేలో అక్కడక్కడ బోర్లించాం. బోను లోపల పిట్ట తాకని మొక్కలుంటాయి. బయట అర మీటరు చతురస్రపు చట్రం పెట్టి పది చోట్ల లెక్క. మొదటి లెక్కలో బోనుల్లో చదరపు మీటరుకు సగటున 64 మొలకలు. బయట 57, అందులో 19 కొస తెగినవి. ఈ రెండు వరుసల అంకెలు లేకపోతే ఆ తర్వాత చేసిన ఏ పనికీ ఫలితం ఉందో లేదో చెప్పగలిగేవాళ్లం కాదు.

చట్టం హద్దులు

ఇంగ్లండ్‌లో అడవి పక్షులన్నిటికీ 1981 నాటి వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ చట్టం రక్షణ ఇస్తుంది. పంటకు తీవ్ర నష్టం ఆపడానికి ఉడ్‌పిజియన్‌ను చంపాలంటే జీఎల్42 అనే సాధారణ లైసెన్సు షరతుల్లోనే చేయాలి. ప్రాణం తీయని పద్ధతులు వాడి ఉండాలి, ఇకముందూ వాడుతూ ఉండాలి. చేను యజమాని అనుమతి ఉండాలి. ఏటా కొత్త ప్రతి వస్తుంది, ఆ ఏటి ప్రతినే చదవాలి. స్కాట్లండ్, వేల్స్‌లకు లైసెన్సులు వేరు. కట్టేసిన బతికున్న పిట్టను గానీ, రికార్డు చేసిన కూతను గానీ దీమంగా, అంటే మిగతా పిట్టలను రప్పించే ఎరగా, వాడడం నేరం.

మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేరు. ఇక్కడ చెప్పే తుపాకీ భాగాన్ని తెలుగునాట ఏ చేలోనూ అనుకరించకూడదు. చేనును చదివే పద్ధతి, బోనుల లెక్క, బెదిరింపు సాధనాలను ఎప్పుడు దించాలన్నది మాత్రం మొక్కజొన్నకూ వేరుశనగకూ పనికొస్తాయి.

చేసి చూసినవి, తప్పినవి

మొదటి తప్పు మేం రాకముందే జరిగిపోయింది. గ్యాస్ గన్‌ను విత్తిన రోజే ఆన్ చేశారు. చల్లని మార్చి నేలలో బటానీ మొలవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఒకే మూల నుంచి అదే చప్పుడు, దాని వెంట ఏ హానీ లేదు. ఎంత పెద్ద మోతైనా వెనక దెబ్బ లేకపోతే పిట్టకు నాలుగైదు రోజుల్లో అలవాటైపోతుంది. తీరా మొలక వచ్చేసరికి అది గొట్టం పక్కనే మేస్తోంది. సాధనం మంచిదే, అవసరం రాకముందే ఖర్చయిపోయింది.

రెండో తప్పు మాది. తుపాకీతో మొదటి రోజు ఉత్తరపు తోపు అంచున మాటు కట్టాం. పిట్టలు ఆ తోపులో కూర్చోవడం కనబడింది, వెనక చెట్ల నీడ ఉంది, బండి దాకా దారి ఉంది. సౌకర్యమంతా మనిషిదే. ప్లాస్టిక్ దీమాలు నలభై పెట్టి, మధ్యలో 12 వోల్టుల బ్యాటరీతో రెండు కడ్డీల మీద పిట్టలను తిప్పే యంత్రాన్ని ఆపకుండా నడిపాం. నాలుగు గంటల్లో 75 తూటాలకు 14 పిట్టలు. చాలావరకు యాభై అరవై మీటర్ల దూరంలోనే ఎత్తు పెంచుకుని పక్కకు తిరిగిపోయాయి. సాయంత్రానికి గుంపంతా చేను రెండో చివర నిశ్చింతగా మేస్తోంది.

ఆ పద్నాలుగు పిట్టలే కారణం చెప్పాయి. పావురం మెడ కింద మేత సంచి ఉంటుంది. వేలితో తడిమినా తెలిసిపోతుంది, కోసి చూస్తే ఇంకా నిక్కచ్చి. పద్నాలుగింటిలో పదకొండు సంచులు బటానీ చిగురుతో బిగిసి ఉన్నాయి. అంటే అవి మేతకు వస్తున్నవి కావు, మేత ముగించి విశ్రాంతికి తోపులోకి పోతున్నవి. కడుపు నిండినవాడిని విస్తరి చూపించి పిలిచినట్టయింది మా పని. మాటులో మొదట పడిన నాలుగైదు పిట్టల సంచి చూడకుండా రోజంతా అక్కడే కూర్చోవడం ఈ పనిలో అందరూ చేసే పొరపాటు. ఖాళీగా ఉంటే చోటు సరైనది. నిండుగా ఉంటే మాటు విప్పి అటు పక్కకు మారాలి.

దీమాల్లోనూ లోపం ఉంది. ఎండలో కొత్త ప్లాస్టిక్ మెరిసింది. తిరిగే యంత్రం గాలి లేని రోజున దూరం పిట్టలను బాగా లాగుతుంది, కానీ ఆ చుట్టుపక్కల చేలల్లో నెల రోజులుగా దాన్నే చూసి దెబ్బతిన్న పిట్టలకు అది హెచ్చరికగా మారింది.

మూడోది వారాంతపు ఏర్పాటు. తుపాకీ లైసెన్సున్న స్నేహితులను శనివారం రమ్మంటానన్నాడు రైతు. ఒక శనివారం అలాగే జరిగింది, పిట్టలు బాగానే పడ్డాయి. బుధవారం చేసిన లెక్కలో బోను బయట మొక్కలు 57 నుంచి 49కి దిగాయి. వారంలో ఆరు రోజులు భోజనం ఉచితంగా పెట్టి ఏడో రోజు తలుపు వేస్తే లాభమేముంది?

ఏది పనిచేసింది

రెండు రోజులు తుపాకీ ముట్టకుండా బైనాక్యులర్‌తో కూర్చున్నాం. మన చేలల్లో మంచె మీద కూర్చుని ఒడిసెల తిప్పేవాళ్లకు పిట్ట ఏ దిక్కు నుంచి, ఏ పొద్దులో, ఏ చెట్టు మీదుగా వస్తుందో కంఠతా ఉంటుంది. ఆ జ్ఞానమే ఇక్కడా కావాలి. చేను పటం గీసి ప్రతి పావుగంటకు ఎన్ని వచ్చాయి, ఎటు నుంచి, ఎక్కడ దిగాయి అని గుర్తులు పెట్టాం. మేతకు వచ్చేవి ఉత్తరపు తోపు నుంచి కాదు. పడమట కాలువ వెంట పాప్లర్ల వరుస పట్టుకుని వస్తున్నాయి. ఆ వరుసలో చెట్టు పడిపోయిన సందు దగ్గర ఎత్తు తగ్గించి చేలోకి తిరుగుతున్నాయి. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా ఒక తాకిడి, మళ్లీ మధ్యాహ్నం మూడు దాటాక పెద్దది. గాలి వాయవ్యానికి మారిన రోజున దారి ఎనభై మీటర్లు దక్షిణానికి జరిగింది.

దీన్నిబట్టి మూడు నిర్ణయాలు. రెండు మాటులు, వారం మధ్యలో, మూడేసి గంటల చొప్పున. గ్యాస్ గన్ ఆపేసి వారం తర్వాత వేరే చోట మళ్లీ మొదలు. క్లోవర్ బీడులో ఎవరూ అడుగు పెట్టకూడదు.

ఆ చివరిది రైతుకు మొదట నచ్చలేదు. పిట్టలు అక్కడా ఉంటాయి, అక్కడా కాల్చాలి కదా అన్నాడు. కానీ బెదిరిన పిట్టకు పోవడానికి మరో మేత కనబడకపోతే ఎంత బెదిరించినా ఇక్కడికే వస్తుంది, ఆకలి భయాన్ని గెలుస్తుంది. క్లోవర్ ఆకు వాటికి ఇష్టమైన మేత, ఆ బీడులో గిల్లినా రైతుకు పోయేదేమీ లేదు. అక్కడ ప్రశాంతత, ఇక్కడ ప్రమాదం అని పిట్టకు స్పష్టంగా తెలియాలి.

మొదటి మాటు పాప్లర్ల సందుకు ఎదురుగా, కాలువ గట్టు మీది ముళ్లపొదను వెన్నుకు పెట్టుకుని కట్టాం. మడత కర్రలు అయిదు, ఎండుగడ్డి రంగు వల ఒకటి, దాని మీద అక్కడి గడ్డే చెక్కాం. వల ఎత్తు కూర్చున్న మనిషి భుజం దాకా. వెనక పొద లేకపోతే తల కదలిక ఆకాశం మీద గీత గీసినట్టు కనబడుతుంది. ముఖానికి ముసుగు, చెవులకు రక్షణ. ఎనిమిదిన్నరకల్లా సిద్ధం, తాకిడికి గంట ముందే.

రెండో మాటు తూర్పు కంచె దగ్గర, నాలుగు వందల మీటర్ల అవతల. దాని పని కాల్చడం కంటే కుదురుకోనీయకపోవడం. పడమట చెదిరినవి అటు దిగబోతే అక్కడా తావు దొరకదు, తిరిగి సందు వైపు వస్తాయి. రెండు మాటుల్లోనూ కుడి ఎడమల నేలలో గూటాలు దిగగొట్టాం. తుపాకీ గొట్టం వాటిని దాటి తిరగకూడదు. ఆరో నంబరు రవ్వ, అంటే తూటాలోని చిన్న గుండు, రెండు వందల మీటర్లకు పైగా వెళ్లి పడగలదు, కాబట్టి దక్షిణపు కాలిబాట వైపు మూడు వందల మీటర్ల లోపల ఏ కోణంలోనూ కాల్చకూడదని నియమం. మాటు దాటి బయటికి అడుగు పెడితే గొట్టం విప్పి ఖాళీగా ఉండాలి.

దీమాల అమరిక ఇదీ. ప్లాస్టిక్ తీసేశాం. శీతల గదిలో దాచిన చచ్చిన పిట్టలు పన్నెండింటిని ముందు రోజే బయట పెట్టి మెత్తబరిచాం. పొట్ట నేలకు ఆనించి, రెక్కలు ముడిచి, దవడ కింద పుల్ల గుచ్చి తల నిలబెట్టాలి. రెక్క విచ్చుకుని తెల్ల పట్టీ కదలకుండా కనబడితే పిట్టలు దాన్ని ప్రమాదంగా చదువుతాయి, దిగవు. అందుకే పడిన పిట్ట వెల్లకిలా ఉంటే వీలైనంత త్వరగా సరిచేయాలి. పావురం వాలేది ఎదురుగాలికి. కాబట్టి దీమాలను గుర్రపు లాడం ఆకారంలో పెట్టి, మూసిన వైపు గాలి వచ్చే దిక్కుకు, తెరిచిన నోరు గాలి పోయే దిక్కుకు ఉంచాం. పిట్ట నోట్లోంచి లోపలికి వచ్చి మధ్య ఖాళీలో కాళ్లు చాపుతుంది. ఆ ఖాళీ మాటుకు ఇరవై మీటర్ల దూరంలో, గాలి పక్కవాటుగా ఉండేలా చూసుకున్నాం. గాలి సూటిగా వెన్ను నుంచి వస్తే దిగే పిట్ట మాటును ముఖాముఖి చూస్తూ వస్తుంది. దీమానికీ దీమానికీ రెండు మూడు మీటర్లు, అన్నీ ఒకే వైపు చూడకుండా కొంచెం కొంచెం తిప్పి. యంత్రం బదులు గాలికి ఊగే వంపు కడ్డీల మీద రెండు పిట్టలు. ముప్పై అయిదు మీటర్ల దగ్గర ఒక కర్ర, దాన్ని దాటిన పిట్ట మీద తూటా వృథా చేయకూడదు, గాయపరచకూడదు.

తుపాకీ 12 బోరు, చోక్ (రవ్వలు మరీ చెదరకుండా గొట్టం కొసన ఉండే బిగింపు) క్వార్టర్. సీసం తూటా అయితే 30 గ్రాములు, ఆరో నంబరు. స్టీల్ వాడేవాళ్లు రెండు సైజులు పెద్దది, అంటే నాలుగో నంబరు తీసుకోవాలి, తుపాకీ దానికి తగినదో కాదో ముందే చూపించుకోవాలి. సీసం తూటాలో ప్లాస్టిక్ కప్పు బదులు నారతో చేసినది, మట్టిలో కరిగిపోతుంది కాబట్టి.

ఒంటరిగానో జంటగానో వచ్చేవాటినే కాల్చాలి, యాభై అరవై గుంపుగా వస్తే కదలకుండా వదిలేయాలి. గుంపు మీద కాలిస్తే రెండు పడతాయి, మిగిలిన యాభై ఎనిమిదీ ఒకేసారి పాఠం నేర్చుకుంటాయి. గాయపడిన పిట్ట దొరికిన వెంటనే దాని బాధ తీర్చాలి. అది ఆలస్యం చేయరాని పని, తర్వాతి పిట్ట వస్తున్నా సరే.

ఇక్కడ ఒక ప్రమాదం దాదాపు జరిగిపోయేది. గుంపుల్లో స్టాక్ డవ్‌లు అనే మరో జాతి పావురాలు కలిసి వస్తున్నాయి. అవి కొంచెం చిన్నవి, మెడ మీద తెల్ల మచ్చ లేదు, రెక్క మీద తెల్ల పట్టీ లేదు, రెక్కల కదలిక వేగం. ఈ లైసెన్సులో వాటికి చోటు లేదు, చంపితే నేరం. తెల్ల గుర్తు కంటితో చూడనిదే తుపాకీ భుజానికి ఎత్తవద్దని రెండు మాటులకూ చెప్పాం. పందెపు పావురాలు కూడా ఆ దారిలోనే పోతుంటాయి, వాటికి యజమానులుంటారు. తూర్పు వైపు నేల మీద ల్యాప్‌వింగ్ అనే పక్షి గూడు కనబడితే మాటును అక్కడి నుంచి దూరంగా జరిపాం.

మొదటి రోజు రెండు మాటుల్లో కలిపి 61 పిట్టలు, 150 తూటాలు. మేత సంచులు చాలావరకు ఖాళీ. రెండు రోజుల తర్వాత మళ్లీ మూడు గంటలు, ఈసారి 23 మాత్రమే. సంఖ్య తగ్గిందని రైతు నిరుత్సాహపడ్డాడు. కానీ పటంలో చూస్తే చేలోకి తిరిగినవే తక్కువ, క్లోవర్ బీడులో రెండు వందలకు పైగా ఉన్నాయి. అప్పుడు గ్యాస్ గన్‌ను మళ్లీ దించాం. గంటకు నాలుగు మోతలకు మించకుండా, తెల్లవారాకే, రెండు రోజులకొకసారి చోటు మార్చి, ప్రతిసారీ ఇంతకుముందు మాటు కట్టిన దిక్కుకు దగ్గరగా. ఇప్పుడు ఆ మోత వెనక దెబ్బ ఉందని పిట్టకు తెలుసు, కాబట్టి మోత పనిచేసింది. మూడోసారి మాటు అయిదు రోజుల తర్వాత, రెండు గంటలే.

మొక్కలు ఆరాకుల దశకు వచ్చాక చివరి లెక్క తీశాం. బోనుల్లో 64, బయట 47. మధ్యకాలపు లెక్క 49 నుంచి తగ్గింది రెండే. తెగిన కొసల్లో ఎక్కువ భాగం కింది కణుపు నుంచి చిగురేశాయి. దక్షిణపు అంచున కాలిబాట పక్కన తుపాకీ వాడలేని రెండు ఎకరాల్లో మాత్రం 30కి దిగింది, అక్కడ కలుపు ఎక్కువైంది. ఆ చోటికి వల పరచి ఉంటే బాగుండేది. తక్కువ విస్తీర్ణం కాబట్టి ఖర్చు భరించదగినదే, మాకు ఆలోచన ఆలస్యంగా వచ్చింది.

పడిన పిట్టలను వెచ్చగా ఉండగా సంచిలో కుక్కకూడదు, లోపలి వేడికే మాంసం పాడవుతుంది. నీడలో విడివిడిగా వేలాడదీసి చల్లారాక శీతల గదికి పంపాం. నోరు తెరిచి చూడడం తప్పనిసరి. గొంతులో పసుపుపచ్చని జున్నులాంటి గడ్డ ఉంటే అది ట్రైకోమొనాస్ జబ్బు, ఆ పిట్ట తిండికి పనికిరాదు, చేలో వదిలేయకూడదు. మిగిలినవి వేట మాంసం వ్యాపారికి వెళ్లాయి.

ఈ కేసు నుంచి పట్టుకున్నవి

అన్నిటికంటే ఎక్కువగా మారినది బెదిరింపు సాధనాలను చూసే తీరు. ప్రతి సాధనానికీ ఆయుష్షు కొన్ని రోజులే. ఆ రోజులు పంట దెబ్బతినే రోజులతో కలవాలి. విత్తిన రోజు చేయవలసినది అంచుల్లో పైన మిగిలిన గింజను మట్టిలో కలిపేయడం, బోనులు పెట్టడం, రాకపోకల పటం మొదలుపెట్టడం. మోత మాత్రం మొలక నేలను పగలగొట్టే రోజు దాకా ఆగాలి.

మేత సంచి చూడడం ఇప్పుడు మా రాతపత్రంలో మొదటి గడి అయింది. ఏ మాటులో, ఎన్ని గంటలకు, నిండుగానా ఖాళీగానా అని. లైసెన్సు షరతులు పాటించామని చూపాల్సి వచ్చినా ఈ పత్రమే పనికొస్తుంది. ఎన్ని తూటాలు, ఏ బెదిరింపు ముందు వాడాం, బోను లోపల బయట ఎన్ని మొక్కలు, అన్నీ ఒకే కాగితం మీద ఉంటాయి.

మరుసటి ఏడు అదే రైతు బటానీ విత్తడం పది రోజులు వెనక్కి జరిపాడు, నేల వెచ్చబడ్డాక మొలక త్వరగా పైకి వచ్చి గడువు తగ్గుతుందని. కాలిబాట పక్క రెండు ఎకరాలకు వల ముందే తెచ్చి పెట్టుకున్నాడు. గ్యాస్ గన్ మొలక కనబడే దాకా కొట్టంలోనే ఉంది.